సీప్యాప్ మెషిన్ కొనబోతున్నారా? స్లీప్ ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ఒక స్లీప్ ల్యాబ్‌లో టెక్నాలజిస్ట్‌ని. రాత్రిపూట మీ తలకి వైర్లు అంటించి, పక్క గదిలో స్క్రీన్ ముందు కూర్చుని మీ నిద్రను చూస్తూ ఉండటం నా ఉద్యోగం. జబ్బు తేల్చేది, చికిత్స రాసేది డాక్టర్లు. మెషిన్ పెట్టి చూపించడం, మాస్క్ కుదిరిందో లేదో చూడటం, నెల తిరక్కుండానే “ఇది నా వల్ల కాదండీ” అని వచ్చిన వాళ్లతో మాట్లాడటం మా వంతు.

స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉందని రిపోర్టు చేతికొచ్చి, దానికి వాడే సీప్యాప్ మెషిన్ కొనమనగానే అందరూ అడిగేది ఒకటే: “ఏ కంపెనీ మెషిన్ మంచిది?” నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. పరీక్ష సరిగ్గా జరిగిందా, ఏ రకం మెషిన్ కావాలి, ఏ మాస్క్ ముఖానికి కుదురుతుంది, మొదటి నెలలో ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తేదెవరు? ఇవి తేలాక కంపెనీ గురించి మాట్లాడుకోవచ్చు. మెషిన్లు మూలన పడేది కంపెనీ మంచిది కాక కాదు, ఈ నాలుగూ అడక్కుండా కొన్నందుకు.

అపోహ: గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నట్టే.

కాదు. గురక తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని గమనించండి. గాలి ఆడటం 10 సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగితే దాన్ని ఆప్నియా అంటాం. గాలి పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు ఎన్నిసార్లు జరిగాయో చెప్పే అంకే ఏహెచ్ఐ. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రిపోర్టులో 42 అని ఉందంటే గంటకు సగటున 42 సార్లు మీకు గాలి ఆగిపోయిందనో, బాగా తగ్గిందనో అర్థం. పొద్దున్నే తలనొప్పి, సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు, మందులు వేసుకుంటున్నా దిగని బీపీ... వీటి వెనక ఉన్నది చాలాసార్లు ఇదే.

అపోహ: అది ఆక్సిజన్ మెషిన్. పెట్టారంటే ఇక ఆఖరి దశే.

2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు ఇళ్లల్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు చూసిన జ్ఞాపకం ఇంకా పోలేదు. సీప్యాప్ పెట్టెను చూడగానే ఇంట్లో వాళ్ల ముఖాలు వాడిపోతాయి. “నాన్నగారికి ఆక్సిజన్ పెట్టారు” అని చుట్టాలకి ఫోన్లు వెళ్లిపోతాయి.

ఇందులో ఆక్సిజన్ సిలిండరూ లేదు, వెంటిలేటరూ లేదు. ఉన్నది ఒక చిన్న మోటారు. గదిలో గాలినే ఫిల్టర్‌లోంచి పీల్చి, కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది. నిద్రలో వదులై మూసుకుపోయే గొంతును ఆ గాలే తెరిచి ఉంచుతుంది. సిడ్నీలో డాక్టర్ కోలిన్ సల్లివాన్ 1980లో దీన్ని మొదటిసారి ప్రయత్నించారు. వాక్యూమ్ క్లీనర్ తరహా మోటారుతో చేసిన ఏర్పాటు అది. 1981లో ‘లాన్సెట్’ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అప్పటిదాకా తీవ్రమైన ఆప్నియాకి గట్టి చికిత్స అంటే గొంతుకి రంధ్రం చేయడమే. ఆ ఆపరేషన్‌ని తప్పించడానికి పుట్టిన మెషిన్‌ని చూసి ఆఖరి దశ అనుకోవడం అన్యాయం.

అపోహ: ఆటో మెషిన్ కొనేస్తే పరీక్ష అక్కర్లేదు, ఒత్తిడి అదే చూసుకుంటుంది.

ఈ మాట ఎక్కువగా అమ్మేవాళ్ల నోట వింటాం. సగం నిజం కాబట్టే నమ్మబుద్ధి అవుతుంది.

మామూలు సీప్యాప్ రాత్రంతా ఒకే ఒత్తిడి ఇస్తుంది. ఆటో సీప్యాప్ 4 నుంచి 20 మధ్య (ఈ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటి మట్టంలో కొలుస్తారు) మనం పెట్టిన హద్దుల్లో అవసరాన్ని బట్టి పెంచి తగ్గిస్తుంది. బైప్యాప్ అయితే గాలి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. వేరే పెద్ద జబ్బులేవీ లేని మామూలు ఆప్నియా పేషెంట్లలో చాలామందికి ఆటో చక్కగా సరిపోతుంది. కానీ గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో కొందరికి సమస్య గొంతులో ఉండదు. ఊపిరి తీసుకోమనే ఆజ్ఞే మెదడు నుంచి సరిగా రాదు. దాన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. బాగా లావుగా ఉండి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే వాళ్లకి, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ముదిరిన వాళ్లకి కూడా లెక్క వేరు. వీళ్ల చేతిలో ఆటో పెట్టి పంపేస్తే డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంట్లో చేసే పరీక్షలో ముక్కు దగ్గర ఒక గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిమీటర్ ఉంటాయి. లక్షణాలు స్పష్టంగా ఉన్నవాళ్లకి అది చాలు. కాకపోతే చాలా పరికరాలు మీరు మెలకువగా దొర్లిన సమయాన్ని కూడా నిద్రలోనే కలిపేస్తాయి, అందుకే ఏహెచ్ఐ ఉన్నదానికన్నా తక్కువగా రావచ్చు. ల్యాబ్‌లో అయితే మెదడు తరంగాలు చూసి ఎంతసేపు నిద్రపోయారో లెక్క కడతాం. తీవ్రత ఎక్కువగా ఉంటే అదే రాత్రి మధ్యలో మాస్క్ పెట్టి, ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కడ గురక, ఆప్నియా రెండూ ఆగాయో రాసుకుంటాం. దాన్నే టైట్రేషన్ అంటారు. మీ ప్రిస్క్రిప్షన్‌లో “సీప్యాప్” అన్న ఒక్క ముక్కే ఉంటే డాక్టర్‌ని మళ్లీ అడగండి: ఏ రకం, ఎంత ఒత్తిడి, ఏ మాస్క్?

అపోహ: ఖరీదైన మెషిన్ కొంటే చాలు, మాస్క్ ఏదైనా ఒకటే.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మెషిన్ మూలన పడేది చాలావరకు మాస్క్ వల్లే.

డెబ్బై వేలు పెట్టి మెషిన్ కొని, దాంతో ఉచితంగా ఇచ్చిన మాస్క్‌తో సరిపెట్టుకుంటారు. అది మీ ముఖానికి ఒక సైజు పెద్దది. రాత్రంతా కళ్లలోకి గాలి కొడుతుంది. లీకు ఆపాలని పట్టీలు బిగిస్తారు, పొద్దున్నకి ముక్కు మీద ఎర్రటి మచ్చ. వారం తిరిగేసరికి మెషిన్ బీరువా పైకెక్కుతుంది. నాకు అడిగే హక్కుంటే, మెషిన్‌లో పదివేలు తగ్గించుకుని మాస్క్‌లో ఐదువేలు పెంచమంటాను.

మాస్కులు ముఖ్యంగా మూడు రకాలు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనుకునే పిల్లోస్, ముక్కుని మాత్రమే కప్పేవి, ముక్కూ నోరూ కలిపి కప్పేవి. నోరు తెరిచి పడుకుంటారని తెలియగానే మూడో రకం అంటగడతారు. కానీ చాలామంది నోరు తెరిచేది ముక్కు దిబ్బడ వల్ల, ఆప్నియా వల్ల. ఆ రెండూ సర్దుకుంటే నోరు దానంతటదే మూసుకుంటుంది. అందుకే వీలైతే ముక్కు మాస్క్‌తో మొదలుపెట్టడమే మా పద్ధతి.

దుకాణంలో కుర్చీలో కూర్చుని మాస్క్ చూసుకుంటే సరిపోదు. పడుకుని, మెషిన్ ఆన్ చేసి, మీకు రాసిన ఒత్తిడి మీద, అటూ ఇటూ తిరిగి చూడాలి. పడుకుంటే బుగ్గలు జారి ముఖం ఆకారమే మారుతుంది. గుబురు మీసం ఉన్నవాళ్లకి పెద్ద మాస్క్ అంచు సరిగా ఆనదు, వాళ్లకి పిల్లోస్ నయం. ముక్కుపుడక ఉన్న ఆడవాళ్లు దాంతోనే వేసి చూసుకోవాలి, లేదంటే రాత్రికి తీసేయాలి. పడుకునే ముందు ముఖానికి కొబ్బరినూనె, క్రీము రాసే అలవాటుంటే మానుకోండి. నూనె తగిలితే సిలికాన్ జారుతుంది, త్వరగా పాడవుతుంది కూడా. పొద్దున్నే మెత్తటి సబ్బు నీళ్లతో ముఖానికి ఆనే ఆ సిలికాన్ కుషన్ కడగడం రెండు నిమిషాల పని.

ఇంకొకటి. మాస్క్ ముందు భాగంలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి బయటికొస్తూనే ఉంటుంది. అది లీకు కాదు. మీరు వదిలిన గాలి పోయే దారి అది. “లీకవుతోంది” అని దాని మీద ప్లాస్టర్ వేసి తెచ్చిన వాళ్లున్నారు. దయచేసి ఎప్పుడూ మూయకండి.

అపోహ: మొదటి రాత్రే ఊపిరాడలేదు, కాబట్టి నాకు పడదు.

ఊపిరాడకపోవడానికి చాలాసార్లు కారణం ఒత్తిడి ఎక్కువై కాదు, తక్కువై! మెషిన్‌లో ర్యాంప్ అని ఒక సదుపాయం ఉంటుంది. నిద్ర పట్టేదాకా 4 దగ్గర మొదలై మెల్లగా పెరుగుతుంది. కాస్త భారీ మనిషికి ఆ 4 మీద గాలి చాలినట్టు అనిపించదు, గుండె దడదడలాడుతుంది, మాస్క్ పీకేస్తారు. దాన్ని 6కి పెంచితే “ఇప్పుడు హాయిగా ఉంది” అంటారు. గాలి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గించే సెట్టింగ్ కూడా ఉంటుంది. ఇది ఫోన్‌లో ఐదు నిమిషాల్లో సర్దే విషయం, ఫోన్ ఎత్తేవాళ్లు ఉంటే.

మాస్క్ అంటేనే టెన్షన్ పడేవాళ్లు ముందు పగటిపూట అలవాటు చేసుకోవాలి. సాయంత్రం సీరియల్ చూస్తూ అరగంట పెట్టుకోండి. ఆ అరగంటలో కునుకు పడితే సగం పని అయిపోయినట్టే.

ఏసీ గదిలో పైపులో గడగడమని చప్పుడు వచ్చి ముఖం మీద నీళ్లు చిందితే భయపడొద్దు. హ్యుమిడిఫయర్ (గాలికి తేమ కలిపే నీళ్ల డబ్బా) నుంచి వచ్చే వెచ్చటి తేమ చల్లటి పైపులో నీరవుతోందంతే. తేమ ఒక మెట్టు తగ్గించండి, లేదా పైపుని దుప్పటి కిందుగా పోనివ్వండి.

అపోహ: కరెంటు పోతే మాస్క్‌లోనే ఊపిరాగిపోతుంది.

ఆగదు. పెద్ద మాస్కుల్లో గాలి ఒత్తిడి తగ్గగానే బయటి గాలికి దారి తెరుచుకునే వాల్వు ఉంటుంది. ముక్కు మాస్క్ అయితే నోటితో పీలుస్తారు, ఉక్కగా అనిపించి మెలకువ వస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద మెషిన్ నడుస్తుంది. ఎక్కువ కరెంటు లాగేది హ్యుమిడిఫయర్ వేడి కాబట్టి, కోతలున్న రాత్రి దాన్ని ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది.

అపోహ: నీళ్లే కదా, ఏవైనా పోయొచ్చు.

హ్యుమిడిఫయర్‌లో బోరు నీళ్లు పోస్తే డబ్బా అడుగున తెల్లటి పొర కడుతుంది. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లలోనూ లవణాలుంటాయి. ఇక పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ వాటర్: “అది కూడా డిస్టిల్డ్ వాటరే కదండీ” అంటారు. మనిషి పీల్చే గాలి కోసం తయారైంది కాదది, వద్దు. మందుల షాపులోనో ఆన్‌లైన్‌లోనో డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. అయిపోయిన రోజు కాచి చల్లార్చిన నీళ్లతో గడిపేయొచ్చు. రోజూ పాత నీళ్లు పారబోయండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి డబ్బు తిరిగొస్తుంది.

ఆశపడకండి. మన దగ్గర చాలా హెల్త్ పాలసీల్లో ఇంట్లో వాడే పరికరాలకి డబ్బు రాదు, కొన్నింటిలో సీప్యాప్ పేరు పెట్టి మరీ మినహాయిస్తారు. మీ పాలసీ పత్రం చదివి చూసుకోండి. సీజీహెచ్ఎస్ కార్డున్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు, ఈసీహెచ్ఎస్ కింద ఉన్న మాజీ సైనికులు మాత్రం ముందే అనుమతి తీసుకుని కొంటే ఒక పరిమితి దాకా రాబట్టుకోవచ్చు. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది. కొనేసి తర్వాత బిల్లు పెడదామనుకుంటేనే చిక్కు.

డబ్బు సర్దుబాటు కష్టమైతే అద్దెకు తీసుకోండి. అద్దె అవమానమేం కాదు, పైగా నన్నడిగితే అందరూ ముందు కొన్ని వారాలు అద్దెకే వాడి చూడాలి. ఏ మాస్క్ కుదిరిందో, ఎన్ని గంటలు వాడగలిగారో తేలాక అదే మోడల్ కొనుక్కోవచ్చు. వాడిన గంటలు, మెషిన్ పెట్టుకున్నాక కూడా మిగిలిన ఏహెచ్ఐ, లీకు మెషిన్‌లోని కార్డులోనో యాప్‌లోనో నమోదవుతాయి. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు “బానే ఉందండీ” అనకుండా ఆ లెక్క తీసుకెళ్లండి.

అపోహ: బరువు తగ్గే ఇంజెక్షన్ వచ్చింది కదా, మెషిన్ ఎందుకు?

టిర్జెపటైడ్ అనే ఆ ఇంజెక్షన్ మందును ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకి వాడొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో అనుమతించింది. 2025 మార్చిలో ఆ మందు మన దేశంలోకీ వచ్చింది. మంచిదే. కానీ బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఈ రాత్రి ఆప్నియా ఈ రాత్రే జరుగుతుంది. తగ్గాక మళ్లీ పరీక్ష చేయించుకుని, అంకె చూసి, అప్పుడు మెషిన్ మానొచ్చో లేదో డాక్టర్ చెబుతారు. సన్నగా ఉన్నా దవడ చిన్నగా, వెనక్కి ఉండి ఆప్నియా వచ్చినవాళ్లకి ఈ దారి అసలు వర్తించదు.

అపోహ: అమెరికా నుంచి అబ్బాయి పంపే మెషినే అన్నిటికన్నా మేలు.

ప్రేమతో పంపుతారు, కాదనలేం. ఇప్పటి మెషిన్ల అడాప్టర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి కాబట్టి ప్లగ్గు మారిస్తే పనిచేస్తాయి, అయినా అడాప్టర్ మీద రాసింది ఒకసారి చూడండి. అసలు చిక్కు వారంటీది. అక్కడ కొన్న మెషిన్‌కి ఇక్కడ సర్వీసు దొరకకపోవచ్చు. పైగా సెట్టింగ్స్ ఇక్కడి డాక్టర్ రాసినట్టు మార్చే మనిషిని మీరే వెతుక్కోవాలి.

వాడిన మెషిన్ అయితే ఇంకా జాగ్రత్త. ఫిలిప్స్ రెస్పిరోనిక్స్ 2021 జూన్‌లో లక్షల మెషిన్లు వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడై గాలిలో కలిసే ప్రమాదం ఉందన్నది కారణం. 2021 ఏప్రిల్ 26కి ముందు తయారైన మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ లాంటివి అందులో ఉన్నాయి. అమెరికాలో అయినా, ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో అయినా సీరియల్ నంబర్ సరిచూడకుండా తీసుకోవద్దు. చాలా మెషిన్ల మెనూలో మోటారు ఎన్ని గంటలు తిరిగిందో కనిపిస్తుంది. “డెమో పీస్, కొత్తదే” అన్నవాళ్లని ముందు అది చూపించమనండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.

మీరే పిల్లల దగ్గరికి వెళ్తుంటే మెషిన్‌ని చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి. అది వైద్య పరికరం, విడి సంచిలో చేతిలోనే తీసుకెళ్లండి, దాన్ని చేతి సామాను లెక్కలో కలుపుతారో లేదో ఎయిర్‌లైన్‌ని ముందే అడగండి. ప్రిస్క్రిప్షన్ కాపీ అదే సంచిలో పెట్టుకోండి. బయల్దేరే ముందు నీళ్ల డబ్బా ఖాళీ చేసి ఆరబెట్టండి. మెషిన్ వంచినప్పుడు ఆ నీళ్లు మోటారులోకి పోతే అక్కడ దిగిన మొదటి రాత్రే గురక మొదలవుతుంది.