పసుపు, సున్నం, కలబంద: పొదుగువాపు మందు చుట్టి వచ్చిన దారి

పాలు పితకబోతే ఆవు కాలు విసురుతుంది. పొదుగు ఒక పక్క వేడిగా, రాయిలా చేతికి తగులుతుంది. చన్ను పిండితే పాలకు బదులు విరిగిన ముక్కలో, పచ్చటి నీళ్ళో వస్తాయి. పొదుగువాపు ఎలా ఉంటుందో పాడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి ఆకులూ పసుపూ నూరి పూయడం మన దేశంలో పాత వైద్యమే. ఇప్పుడు అదే ముద్ద గ్రాముల లెక్కతో సహా పశువైద్యుల శిక్షణలోకి, డెయిరీ సంఘాల కరపత్రాల్లోకి వచ్చింది. సంప్రదాయం మీద ప్రేమ పుట్టుకొచ్చి ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. యాంటీబయాటిక్స్ తెచ్చిపెట్టిన తలనొప్పే దాన్ని వెనక్కి పిలిపించింది.

అసలు యాంటీబయాటిక్స్ కథలో ఆవు పొదుగు మొదటి నుంచీ ఉంది. 1939లో అమెరికాలో రెనె డ్యుబో అనే శాస్త్రవేత్త మట్టిలోని బ్యాక్టీరియా నుంచి గ్రామిసిడిన్ అనే యాంటీబయాటిక్‌ను రాబట్టాడు. అది రక్తంలో ఎర్రకణాలను పగలగొడుతుంది కాబట్టి మనుషులకు ఇంజెక్షన్‌గా పనికిరాలేదు. పొదుగువాపు వచ్చిన ఆవుల మీద మాత్రం తొలి రోజుల్లోనే వాడి చూశారు. వెనకే పెన్సిలిన్ వచ్చింది, చన్నులోకి నేరుగా ఎక్కించే మందులు వచ్చాయి. ముందుగా గోల పెట్టినవాళ్ళలో చీజ్ తయారుచేసేవాళ్ళు ఉన్నారు. పాలు తోడుకోవాలంటే బ్యాక్టీరియా బతికి ఉండాలి కదా, పెన్సిలిన్ కలిసిన పాలలో అది బతకదు.

మన దగ్గర మలుపు 1970లో పాల ఉత్పత్తి పెంచడానికి మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ కాలంలో వచ్చింది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర జాతులు పెరిగాయి, పాలూ పెరిగాయి. ఎక్కువ పాలిచ్చే ఆవుకు పొదుగువాపు ముప్పూ ఎక్కువే. గేదెకు చన్ను చివర కండరం బిగువుగా ఉంటుంది కాబట్టి కొంత నయం. పసరు వైద్యం పక్కకు జరిగింది, ఇంజెక్షన్లూ చన్నులోకి ఎక్కించే ట్యూబులూ పల్లెల్లోకి చేరాయి. మందు వేసిన తర్వాత ఇన్ని రోజులు పాలు వాడొద్దని దాని మీదే రాసి ఉంటుంది. పాల డబ్బుతో ఇల్లు గడిచేవాళ్ళు ఆ పాలు పారబోస్తారా? ఆహార భద్రతా సంస్థ 2018లో చేసిన దేశవ్యాప్త సర్వేలో 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 77 నమూనాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటాయి. నూటికి ఒకటి పైచిలుకు. తక్కువే అనిపించొచ్చు గానీ, ఈ దేశంలో పాలు తాగనివాళ్ళెందరు?

ఈలోగా ఇంకో దారిలో పాత వైద్యాన్ని రాసిపెట్టే పని నడుస్తూ వచ్చింది. 1995లో పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ పాత ఆధారాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. కాగితం మీద లేని జ్ఞానం ఎంత తేలిగ్గా పరాయి సొత్తవుతుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. బెంగళూరులో 1993లో మొదలైన, సంప్రదాయ వైద్యం మీద పనిచేసే ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ అనే సంస్థ పల్లె పశువైద్యాన్ని కూడా సేకరించి పరిశీలించింది. తమిళనాడుకు చెందిన పశువైద్య ఆచార్యుడు ఎన్. పుణ్యమూర్తి ఈ మందులకు పాళ్ళు, పూతల లెక్క కుదిర్చారు. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వాటిని సహకార సంఘాల్లోకి తీసుకెళ్ళింది.

ఆ లెక్క ఇదీ: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు. అన్నీ కలిపి రుబ్బాలి. ముద్ద ఎర్రబడుతుంది, పారాణి ఎర్రబడేది కూడా పసుపులో సున్నం పడినందుకే. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ నీళ్ళలో కరగదు, సున్నం తగిలితే కొంత కరుగుతుంది, అయితే ఆ స్థితిలో త్వరగా చెడిపోతుంది కూడా. అందుకే ఏ రోజుది ఆ రోజే నూరుకోవాలి. పిడికెడు ముద్ద నీళ్ళలో పలుచగా కలిపి, కడిగిన పొదుగుకు రోజుకు పది సార్లు, ఐదు రోజులు పూయాలి. రోజూ రెండు నిమ్మకాయలు కోసి తినిపించాలి.

పది సార్లు, ఐదు రోజులంటే యాభై పూతలు. ఈ మందుకు ఖర్చు దాదాపు లేదని రాసేవాళ్ళు ఆ యాభై పూతలు వేసే చేతుల కూలి లెక్కేయరు. అది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ పనే. నాకు ఇంకో సందేహం కూడా ఉంది. ఎర్రటి ముద్ద పూసినా పూయకపోయినా, పొదుగును రోజుకు పదిసార్లు కడిగి, ఉన్న పాలు పిండేస్తే వాపు కొంత తగ్గాలి. ఆ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప గొప్ప ఎవరిదో తేలదు.

పాత వైద్యానికి అసలు అందనిది కంటికి కనపడని పొదుగువాపు. వాపుండదు, పాలు మామూలుగానే కనిపిస్తాయి, దిగుబడి మాత్రం పడిపోతుంది. నష్టంలో పెద్ద వాటా దీనిదే. దీన్ని పాకలోనే పట్టేసే కాలిఫోర్నియా పరీక్ష 1957లో వచ్చింది. ఇంకో చివర, ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే తీవ్రమైన పొదుగువాపు ఒక్క రోజులో పశువును పడేయగలదు. జ్వరంతో ఆవు మేత మానేసి కూలబడితే కలబంద కోసం వెతకడం మాని డాక్టరుకు ఫోను చేయాలి.

ప్రభుత్వం వైపు నుంచి అడుగులు ఈమధ్యే పడ్డాయి. యాంటీబయాటిక్ నిరోధకత, అంటే బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం, మీద 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. ఆహారానికి పెంచే పశువుల్లో, కోళ్ళలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని 2019లో నిషేధించారు. 2024లో విడుదలైన పశువైద్య ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాల్లో సంప్రదాయ పశువైద్యానికీ చోటిచ్చారు. సామాన్యుల ఆవిష్కరణలకు అండగా నిలిచే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గుజరాత్ రైతు ఒకరు చెప్పిన మూలికలతో మాస్టిరాక్ అనే పొదుగువాపు జెల్ తయారుచేయించి కంపెనీకి అప్పగించింది. నూరే పని తప్పింది, పొదుగు కడిగి పూసే పని మాత్రం అలాగే ఉంది.