క్రోమియానికి +10 ఎలా వచ్చింది?

ఆక్సీకరణ సంఖ్య అంటే పరమాణువు మీద నిజంగా ఉండే ఆవేశం అనుకుంటే తర్వాత చాలా చోట్ల తికమక తప్పదు. అది ఉత్త లెక్క. బంధంలో రెండు పరమాణువులూ పంచుకుంటున్న ఎలక్ట్రాన్లను, వాటిని ఎక్కువగా లాక్కునే పరమాణువు పేరిట మొత్తంగా రాసేసి, ఎవరికి ఎంత లోటు, ఎవరికి ఎంత మిగులు అని చూస్తాం. పొటాషియం పర్మాంగనేట్‌లో పొటాషియానికి +1, నాలుగు ఆక్సిజన్లకు కలిపి -8, మొత్తం సున్నా కావాలి కాబట్టి మాంగనీస్‌కి +7. అలాగని ఏడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మాంగనీస్ అయాన్ అందులో ఎక్కడా ఉండదు.

మరి ఈ దొంగ లెక్క ఎందుకంటే, సమీకరణాలు తుల్యం చేసేటప్పుడు ఇది భలే పనికొస్తుంది. ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేట్‌లోని మాంగనీస్ +7 నుంచి +2కి దిగుతుంది, అంటే దానికి ఐదు ఎలక్ట్రాన్లు కావాలి, ఫెర్రస్ అయాన్ (+2 ఉన్న ఇనుము) +3కి వెళ్తూ ఒక్కటే ఇస్తుంది, కాబట్టి ఒక పర్మాంగనేట్‌కి ఐదు ఫెర్రస్‌లు. మిగిలిన నీళ్లు, హైడ్రోజన్ అయాన్లు సర్దుకోవడం రెండు నిమిషాల పని.

ఒక్కోసారి భిన్నాలు వస్తాయి. మాగ్నటైట్‌లో మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు, లెక్కేస్తే ఇనుముకి 8/3. కంగారేం లేదు, రెండు ఇనుములు +3, ఒకటి +2, మనకొచ్చింది వాటి సగటు.

అసలు తమాషా క్రోమియం దగ్గర. ఆమ్లం కలిపిన డైక్రోమేట్ (క్రోమియం, ఆక్సిజన్ కలిసిన అయాన్) ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నారింజ రంగు పోయి ముదురు నీలం వస్తుంది (కాసేపే ఉంటుంది, ఈథర్ పోస్తే అందులోకి చేరి ఇంకాస్త నిలుస్తుంది). ఆ నీలం పదార్థంలో ఒక క్రోమియానికి ఐదు ఆక్సిజన్లు. ఆక్సిజన్‌కి -2 అని బట్టీపట్టిన అలవాటు కొద్దీ గుణిస్తే క్రోమియానికి +10 వస్తుంది! దాని దగ్గర బంధాలకు పనికొచ్చే బయటి ఎలక్ట్రాన్లే ఆరు, పది ఎక్కణ్ణుంచి తెస్తుంది?

తప్పు క్రోమియానిది కాదు, మనం ఆక్సిజన్లన్నిటినీ ఒకే గాటన కట్టడంలో ఉంది. వాటిలో నాలుగు రెండేసి చొప్పున ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పెరాక్సైడ్‌లో లాగే. ఒకే మూలకం పరమాణువులు పంచుకున్న ఎలక్ట్రాన్లను చెరిసగం రాయాలి కదా, కాబట్టి వాటికి తలా -1, ఐదోదానికి మాత్రం -2. మొత్తం -6, క్రోమియం +6.

డైక్రోమేట్‌లోనూ క్రోమియం +6లోనే ఉంది. అంటే రంగు అంతలా మారినా, ఆ నీలం వచ్చే దశలో క్రోమియం ఆక్సీకరణా చెందలేదు (దాని సంఖ్య పెరగలేదు), క్షయకరణా చెందలేదు (తగ్గలేదు).