నడిఎండలో ఆకు పడే పాట్లు

పోయిన మే నెలలో ఒక నర్సరీ నుంచి తమలపాకు తీగ తెచ్చాను. అక్కడ అది షేడ్ నెట్ కింద, చల్లటి నీడలో ఉండేది. ఇంటికి తేగానే కుండీని డాబా మీద పిట్టగోడ పక్కన పెట్టేశాను. పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను, మట్టి ఒక్క పూట కూడా ఆరలేదు. అయినా మూడో రోజుకల్లా పై ఆకులు వెలిసిపోయిన గుడ్డలా తెల్లబడ్డాయి. వాటిలో ఒక ఆకును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. సగం తెల్లగా ఉంది, సగం పచ్చగా ఉంది. రెంటి మధ్య అంచు తమలపాకు ఆకారంలోనే వంపు తిరిగింది. దానికి ఆనుకుని ఉన్న పై ఆకు ఎంతమేర కప్పిందో అంతమేరా పచ్చదనం మిగిలింది. ఒకటే వేరు, ఒకటే నీరు, ఒకటే ఆకు. తేడా అల్లా మీద పడ్డ ఎండే.

ఎండతోనే ఆకు తిండి వండుకుంటుందని చిన్నప్పుడే చదువుకున్నాం. అయితే ఆ వంటకు ఒక వేగం ఉంటుంది, దాన్ని దాటి వచ్చే వెలుగు ఆకుకు పనికిరాదు. బాగా కాసే మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సెకనుకు సుమారు 2000 మైక్రోమోళ్ల ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, పడతాయి (మైక్రోమోల్ వాటిని లెక్కించే కొలత). చాలా పంట మొక్కల ఆకులు అందులో సగం వచ్చేసరికే తమ హద్దు చేరుకుంటాయి. నీడలో పెరిగిన ఆకు ఐదో వంతును కూడా వాడుకోలేదు.

చెరువును తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూము గుండా పొలాలకు వెళ్లే నీళ్లకు ఒక లెక్క ఉంది. వాన ఎంత పడ్డా తూము అంతకంటే ఎక్కువ వదలలేదు. మిగిలింది అలుగు మీదుగా పారాలి, లేదంటే కట్ట తెగుతుంది. ఆకుకు ఉన్న అసలు ఇబ్బంది పత్రహరితం వెలుగును వద్దనలేకపోవడం. ఫోటాన్ తగిలిందంటే దాని శక్తి అణువులోకి వచ్చేసినట్టే. ఆ శక్తి నానోసెకన్లలో కిరణజన్య సంయోగక్రియకైనా అందాలి, వేడిగానో మెరుపుగానో బయటికైనా పోవాలి. దారి దొరకక కాసేపు నిలిచిపోతే పత్రహరితం ట్రిప్లెట్ అనే స్థితిలోకి జారుతుంది. అక్కడి నుంచి ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు అంటుకుంటుంది.

ఆక్సిజన్‌కు అక్కడ కొదవే లేదు. నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ను తయారుచేసే చోటు కూడా అదే మరి. శక్తి అందుకున్న ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. అది బతికేది మైక్రోసెకన్లే. ఆ కాస్త వ్యవధిలోనే కణం లోపలి పొరల్లోని కొవ్వులను, ప్రొటీన్లను కాల్చేస్తుంది. నా తీగ ఆకు మీద తెల్లబడిన చోట్ల జరిగింది ఇలాంటిదే.

ఈ ప్రమాదం ఏదో అరుదుగా వచ్చేది కాదు, ప్రతి మొక్కకూ ప్రతి మధ్యాహ్నం ఎదురయ్యేది. అందుకే కణం లోపల అంచెలంచెలుగా కాపలా ఉంటుంది. అందులో చాలా పని యాంటీ ఆక్సిడెంట్లది, అంటే ఆక్సిజన్ చేసే హానిని ఆపే పదార్థాలది. మొదటి కాపలా పత్రహరితం పక్కనే అమరి ఉండే కెరోటినాయిడ్లది. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ వాటిలో ఒకటి. ట్రిప్లెట్ పత్రహరితం నుంచి, సింగ్లెట్ ఆక్సిజన్ నుంచి ఇవి శక్తిని లాక్కుని వేడిగా వదిలేస్తాయి. పొరల కొవ్వులో కలిసి ఉండే విటమిన్ ఇ కూడా ఇదే పని చేస్తుంది, పైగా కొవ్వులో మొదలైన మంటను పక్కకు పాకనివ్వదు.

అలుగు సంగతికి వస్తే, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. ఆకులో వయోలాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. ఎండ ముదిరి, హరితరేణువు (కణంలో పత్రహరితం ఉండే, తిండి వండే గది) లోపలి సంచుల్లో ఆమ్లం పేరుకోగానే ఒక ఎంజైమ్ మేల్కొని దాన్ని నిమిషాల్లో జియాజాంథిన్‌గా మారుస్తుంది. ఎండ తగ్గాక మరో ఎంజైమ్ వెనక్కి మారుస్తుంది. హ్యారీ యమమోటో, ఆయన సహచరులు 1962లో ఈ చక్రాన్ని వివరించారు. జియాజాంథిన్ పెరిగిన ఆకు అదనపు శక్తిని వేడిగా వదిలేస్తుందని 1980ల చివర్లో బార్బరా డెమిగ్-ఆడమ్స్ పరిశోధనలతో తెలిసింది. అలుగు ఎత్తును తనంతట తానే తగ్గించుకునే చెరువు అన్నమాట! ఆ మొదటి ఎంజైమ్ పని చేయడానికి విటమిన్ సి కావాలి. అది లేకపోతే అలుగు తెరుచుకోదు.

విటమిన్ సి అనగానే మనకు ఉసిరికాయ, నిమ్మకాయ గుర్తొస్తాయి. అది మన కోసమే పుట్టినట్టు మాట్లాడతాం. కానీ హరితరేణువులో ఉండే విటమిన్ సి నిమ్మరసంలో ఉన్నదానికంటే చిక్కనిది. దాన్ని మొక్క తన ప్రాణం కాపాడుకోవడానికి తయారుచేసుకుంటుంది. ఎండకు అలవాటుపడిన ఆకులో ఇంకా ఎక్కువ ఉంటుంది. మనుషులకు ఆ తయారీ చేతకాదు, చివరి మెట్టుకు కావలసిన జన్యువు మన పూర్వీకుల్లోనే ఏనాడో పాడైపోయింది. మొక్కలు దాన్ని ఏ దారిలో చేస్తాయో చాలాకాలం ఎవరికీ తేలలేదు. 1998లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో వీలర్, స్మిర్నాఫ్ బృందం ఆ దారిని బయటపెట్టింది.

విటమిన్ సి చేసే అతి పెద్ద పని మరో చోట ఉంది. కిరణజన్య సంయోగక్రియలో నీటి నుంచి లాగిన ఎలక్ట్రాన్లు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందుతూ చివరికి చక్కెర తయారీకి చేరాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆకు నీరు పొదుపు చేసుకోవడానికి పత్రరంధ్రాలు మూసుకుంటుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, చక్కెర తయారీ మందగిస్తుంది. ఎలక్ట్రాన్లు మాత్రం వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని ఆక్సిజన్ చేతికి చిక్కుతాయి. హరితరేణువుల్లో ఆక్సిజన్ ఇలా ఎలక్ట్రాన్లను తీసుకోగలదని 1951లో అలన్ మేలర్ చూపించారు. అప్పుడు పుట్టేది సూపరాక్సైడ్. ఒక ఎంజైమ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. అదీ ప్రమాదమే. చక్కెర తయారీలోని ఎంజైమ్‌లను అది పనిచేయకుండా ఆపేస్తుంది. ఇక్కడే విటమిన్ సి ముందుకొస్తుంది. తన ఎలక్ట్రాన్లను ఇచ్చి పెరాక్సైడ్‌ను మామూలు నీరుగా మార్చేస్తుంది.

ఇచ్చేసిన విటమిన్ సి వట్టిపోయినట్టే కదా? ఆకు దాన్ని వట్టిపోనివ్వదు. గ్లూటాథయోన్ అనే మరో అణువు దాన్ని మళ్లీ నింపుతుంది, గ్లూటాథయోన్‌ను వెలుగు నుంచే వచ్చిన శక్తి నింపుతుంది. 1976లో క్రిస్టీన్ ఫోయర్, బారీ హాలివెల్ పాలకూర హరితరేణువుల మీద పనిచేసి ఈ ఏర్పాటును ప్రతిపాదించారు. జపాన్‌కు చెందిన కోజీ అసాదా దశాబ్దాల పాటు దీని మీదే పనిచేసి, 1999లో దీన్ని నీటి నుంచి నీటికి సాగే చక్రంగా వర్ణించారు. ఒక చివర నీటి నుంచి లాగిన ఎలక్ట్రాన్లు మరో చివర ఆక్సిజన్‌ను మళ్లీ నీరుగా మార్చేస్తాయి. పైకి చూస్తే వృథా పనిలా ఉంటుంది. కానీ ఈ తిరుగుడు వల్లే అదనపు శక్తి హాని లేకుండా ఖర్చయిపోతుంది. యాంటీ ఆక్సిడెంట్ అంటే సీసాలో నిల్వ ఉన్న మందు అనుకుంటాం. ఆకులో అది నిల్వ కాదు. క్షణక్షణం ఖాళీ అవుతూ, క్షణక్షణం నిండే కడవ.

ఆ కడవ నిండే వేగాన్ని మించి సూపరాక్సైడ్ పుడితే ఏమవుతుందో పల్లెల్లో చాలామంది కళ్లారా చూశారు. గడ్డిమందుగా అమ్మే వాటిలో పారాక్వాట్ ఒకటి. అది ఎలక్ట్రాన్లను దారిలోనే లాక్కుని ఆక్సిజన్‌కు ఇస్తుంది, ఇచ్చి మళ్లీ లాక్కుంటుంది. ఎండలో కొట్టిన గడ్డి గంటల్లోనే వాడి మాడిపోతుంది. చీకట్లో అయితే ఆ పని చాలా నెమ్మదిస్తుంది. గడ్డిని చంపేది ఒక రకంగా ఎండే. మనిషి ఊపిరితిత్తుల్లోనూ పారాక్వాట్ ఇదే తిరుగుడు మొదలుపెడుతుంది, దానికి విరుగుడు మందు లేదు. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగానే ఉంది. అయినా ఆ డబ్బా ఉన్న ప్రతి ఇంటికీ ఈ మాట తెలియాలి.

ఇన్ని కాపలాలున్నా ఆకు ఈ చురుకైన ఆక్సిజన్ రూపాలను పూర్తిగా తుడిచిపెట్టదు. కొద్ది మోతాదులో ఉన్న పెరాక్సైడ్, సింగ్లెట్ ఆక్సిజన్ కణానికి కబురు మోసుకెళ్తాయి: ఎండ పెరిగింది, జన్యువులను సర్దుకో అని. అలాగే దెబ్బ తగలకుండా పూర్తిగా ఆపడం కూడా కుదరదు. నీటిని విడగొట్టే చోట ఉండే డి1 అనే ప్రొటీన్ గట్టి ఎండలో గంట తిరక్కుండానే పాడవుతుంది. మొక్క దాన్ని తీసేసి కొత్తది వేస్తూనే ఉంటుంది. మామిడి చిగుళ్లలో ఇంకో ఉపాయం కనిపిస్తుంది. లేత ఆకుల్లో పై ఏర్పాట్లు ఇంకా పూర్తికావు. ఆంథోసయనిన్లు అనే ఎర్ర రంగులు వెలుగులో కొంత భాగాన్ని తామే మింగేసి లేత పత్రహరితానికి నీడ పడతాయి.

ఈ కాపలాకు ఒక ఖరీదుంది. మబ్బు వచ్చి ఎండ తగ్గినా అలుగు వెంటనే మూసుకోదు, కాసేపు శక్తి ఊరికే పోతూనే ఉంటుంది. 2016లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాంగ్ బృందం పొగాకు మొక్కల్లో మూడు జన్యువుల పనిని పెంచి అలుగు త్వరగా మూసుకునేలా చేసింది. పొలంలో ఆ మొక్కలు సుమారు 15 శాతం ఎక్కువ బరువు పెరిగాయి.

మన తమలపాకు రైతులు ఇవేవీ చదవకుండానే తోటలో ముందు అవిశ విత్తుతారు. అది తీగకు ఆధారం, నీడ కూడా. నేను ఆ పని ఆలస్యంగా చేశాను. కుండీని నీడలోకి మార్చి, రోజుకు కాస్త చొప్పున పొద్దుటి ఎండ తగిలేలా చూశాను. తెల్లబడిన చోట్లు మళ్లీ పచ్చబడలేదు, ఆ ఆకులు రాలిపోయాయి. తర్వాత వచ్చిన ఆకులు చిన్నవి, కాస్త దళసరివి. వాటి మీద ఇప్పటిదాకా మచ్చ పడలేదు.