ఎండ కాస్తుంటే ఫెర్రీ ఎందుకు రద్దు చేస్తారు? అపోహలు - వాస్తవాలు

ఏటా అదే దీవికి సెలవులకు వెళ్లే కుటుంబాలు మా ఫెర్రీలో చాలానే ఉంటాయి. పిల్లలు నెలల ముందు నుంచే రోజులు లెక్కపెట్టుకుంటారు. రద్దు ప్రకటన విన్నప్పుడు వాళ్ల ముఖాలు చూడలేం. డెక్ ఆఫీసర్‌గా నేను ప్రతి సీజన్‌లో వినే అపోహ, అందరికీ ఎక్కువ నష్టం చేసేది, ఇదే.

అపోహ: ఎండ కాస్తోంది కాబట్టి ఫెర్రీ నడుస్తుంది. ఆపారంటే జనం సరిపోలేదన్నమాట.

వాస్తవం: ఈ పుకారు వింటే నాకు ఓపిక పోతుంది. ఎండను చూసి సముద్రాన్ని అంచనా వేయలేం. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో తుఫాను లేపిన కెరటాలు కొన్ని రోజులకు, గాలే లేని తీరానికి కూడా చేరతాయి. పైగా వాతావరణ సూచనలో ‘అలల ఎత్తు 2 మీటర్లు’ అంటే, వచ్చే అలలన్నిటిలో అన్నిటికన్నా ఎత్తైన మూడో వంతు అలల సగటు మాత్రమే. మధ్యలో ఒక్కో అల దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు.

గాలి సంగతీ అంతే. 20 నాట్ల (గంటకు సుమారు 37 కిలోమీటర్ల) గాలి 40 నాట్లయితే అది ఓడను తోసే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. నడిసముద్రంలో పెద్ద ఫెర్రీ దాన్ని తట్టుకుంటుంది. చిక్కంతా జెట్టీ దగ్గర. అక్కడ వేగం తగ్గించాలి, వేగం తగ్గితే చుక్కాని పట్టు తగ్గుతుంది, గోడలా ఎత్తుగా ఉన్న ఓడను గాలి పక్కకు నెట్టేస్తుంది. చాలాసార్లు అడ్డంకి మీరు నిలబడ్డ రేవులో కాదు, అవతల దీవి జెట్టీ దగ్గర ఉంటుంది. ఇక వేగంగా వెళ్లే ఫెర్రీలకు ఎంత ఎత్తు అల వరకు నడపవచ్చో అనుమతి పత్రంలోనే రాసి ఉంటుంది. అందుకే పెద్దది వెళ్లినా చిన్నది ఆగుతుంది.

ఒకసారి ఒకావిడ టెర్మినల్లో ఏడుస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే కొత్త ఉద్యోగంలో చేరాలట. బయట ఎండ దంచేస్తోంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కట్టేసి ఉన్న ఫెర్రీ ర్యాంప్ ఎలా లేచి పడుతోందో చూపించాను. దాని మీద కారు ఎక్కించాలని చెప్పాక ఇంకేం అడగలేదు, ఆఫీసుకు ఫోన్ చేసుకుంది. పాపం, తిరుగు ప్రయాణం చివరి రోజు చివరి ఫెర్రీకి పెట్టుకుంది. ఎక్కువమంది చేసేదీ అదే. రద్దయితే రేపు వెళ్దాంలే అనుకుంటారు, కానీ సీజన్‌లో రేపటి సీట్లు ముందే నిండిపోయి ఉంటాయి. వీలైతే ఒక రోజు ముందే దీవి నుంచి బయల్దేరండి. కుదరకపోతే పొద్దుటి ఫెర్రీ ఎక్కండి. అదే రాత్రి విమానం మాత్రం పెట్టుకోకండి.

అపోహ: వాంతి వచ్చాక మాత్ర వేసుకుంటే చాలు.

వాస్తవం: అప్పటికి మాత్ర కడుపులో నిలవదు. బయల్దేరే ముందే వేసుకోవాలి. పిల్లలకు, గర్భిణులకు ఏది ఇవ్వాలో డాక్టర్‌నే అడగండి. ఓడ మధ్యలో, కింది అంతస్తులో కూర్చుంటే కుదుపు తక్కువ. ఫోన్ పక్కన పెట్టి దూరంగా నీరు, ఆకాశం కలిసే గీతను చూడండి.

అపోహ: రెండు నిమిషాలు ఆలస్యమైతే గేటు మళ్లీ తీయొచ్చు.

వాస్తవం: 1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ తన ముందు వైపు తలుపులు మూయకుండానే బెల్జియంలోని జీబ్రుగె రేవు నుంచి కదిలింది. రేవు దాటగానే ఒరిగిపోయింది, 193 మంది చనిపోయారు. తలుపులు మూసుకున్నాయని ఖాయమయ్యాకే మేం కదులుతాం. ఒకసారి మూశాక మీ కోసం తీయమని అడిగితే కుదరదు.

కార్లు నిలిపే అంతస్తు (కారు డెక్) కూడా దారిలో తెరవం. టెన్షన్ పడకుండా ఉండాలంటే మందులు, పసిపిల్లల పాలు ఎక్కేటప్పుడే చేతి సంచిలో పైకి తెచ్చుకోండి.