పిల్లకాయలకి ఉత్తరం: సీజర్ శవం ముందు ఆంటోనీ ఏం చేశాడో చూడండి

పిల్లకాయలకి,

మీ తాత ఆశీర్వదించి రాసేది. ఇక్కడ కావలిలో మేమంతా క్షేమం, ఎండలు మాత్రం మండిపోతున్నాయి. మొన్న ఫోన్లో అడిగారే, ఇంగ్లీషు క్లాసులో ఈ నాలుగొందల ఏళ్ళనాటి నాటకాలు, పాత నవలలు మాకెందుకు తాతా, గైడ్‌లో సమ్మరీ ఉంది, క్వశ్చన్లు కూడా అయ్యే తిప్పి తిప్పి ఇస్తారు, అది చదివితే మార్కులు పడతాయి కదా అని. ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నా. హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనోణ్ణి, ఈ ప్రశ్నకి తీరిగ్గానే జవాబు రాయాలనిపించింది.

మార్కులు పడతాయి, నిజమే. షేక్స్‌పియర్ జూలియస్ సీజర్ నాటకమే తీసుకోండి, సమ్మరీ ఏం చెప్తుంది? రోమ్‌లో పెత్తనమంతా చేతికి తీసుకున్న సీజర్‌ని బ్రూటస్, ఇంకొంతమంది కలిసి చంపారు, ఎందుకు చంపామో బ్రూటస్ జనానికి చెప్పాడు, తర్వాత సీజర్ స్నేహితుడు ఆంటోనీ మాట్లాడి జనాన్ని తన వైపు తిప్పుకున్నాడు, అంతే. ఒక్క ముక్క తప్పు లేదు, అట్టాగని అందులో నాటకమూ లేదు, పెళ్ళికి పోకుండా శుభలేఖ చదువుకుని ఊరుకున్నట్టు. తిప్పుకున్నాడు సరే, ఎట్టా తిప్పుకున్నాడు? చూడాల్సింది అదీ, అది ఆ మాటల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

జూలియస్ సీజర్ యాక్ట్ త్రీ, సీన్ టూ తీయండి. ముందు బ్రూటస్ ఎక్కుతాడు. నీతిమంతుడు, తను చేసింది దేశం కోసమే అని నమ్మినోడు. వచనంలో, లెక్క పెట్టినట్టు మాట్లాడతాడు, సీజర్ మీద ప్రేమ తక్కువై కాదు, రోమ్ మీద ప్రేమ ఎక్కువై చంపాను అంటాడు. జనం చప్పట్లు కొడతారు. అప్పుడు గుంపులోంచి ఒకడు ఏమంటాడో చూడండి, ఇతన్నే సీజర్‌ని చేద్దాం అంటాడు! రాజు వద్దని మనిషిని చంపి వచ్చినోడికి వీళ్ళు కిరీటం పెడతామంటున్నారు. బ్రూటస్ చెప్పింది వాళ్ళ బుర్రకి ఎక్కనే లేదని షేక్స్‌పియర్ ఆ ఒక్క కేకతో తేల్చేశాడు. ఆ తర్వాత బ్రూటస్ ఇంకో పని చేస్తాడు, ఆంటోనీ మాట్లాడతాడు, అందరూ ఉండి వినండి అని చెప్పి తను మాత్రం ఇంటికి పోతాడు. మీటింగులో ఆఖరి మైకు ఎదుటోడి చేతికిచ్చి తను దిగి వెళ్ళిపోయాడన్నమాట, మన జిల్లాలో వార్డు మెంబరు కూడా చెయ్యడా పని.

ఇప్పుడు ఆంటోనీ. ఫ్రెండ్స్, రోమన్స్, కంట్రీమెన్ అని మొదలుపెడతాడు, పైకి చదివి చూడండి, మొదటిది ఒక దెబ్బ, రెండోది రెండు, మూడోది మూడు, మాట మెట్లెక్కినట్టు పెరుగుతూ పోతుంది. బ్రూటస్ అయితే రోమన్స్ అని మొదలుపెట్టాడు, ఇతను ముందు స్నేహితులారా అంటున్నాడు. పొగడ్డానికి రాలేదు, పూడ్చడానికి వచ్చా అంటాడు. బ్రూటస్ గౌరవనీయుడు అంటాడు, సీజర్ యుద్ధఖైదీల మీద వచ్చిన సొమ్మంతా ఖజానాకే పోశాడని చెప్పి మళ్ళీ బ్రూటస్ గౌరవనీయుడు అంటాడు, పేదోళ్ళు ఏడిస్తే సీజర్ కూడా ఏడ్చాడని చెప్పి మళ్ళీ అదే, మూడుసార్లు కిరీటం ఇస్తే మూడుసార్లూ వద్దన్నాడని చెప్పి మళ్ళీ అదే. మాట మారలా, కానీ మొదటిసారి మర్యాదగా వినపడింది నాలుగోసారికి తిట్టులాగా వినపడతది. మనసులో చదివితే ఇది తెలీదు పిల్లలూ, నోటితో అనాలి, ఒక్కోసారి ఒక్కో గొంతుతో అనాలి.

తర్వాత వీలునామా ఉందంటాడు, చదవనంటాడు. చదవమని జనమే గోల చేసేదాకా ఆగుతాడు. అప్పుడూ చదవకుండా కిందికి దిగొచ్చి శవం చుట్టూ నిలబడమంటాడు, రక్తంతో తడిసిన ఆ పైబట్ట పట్టుకుని, సీజర్ దీన్ని మొదటిసారి కట్టుకున్న రోజు నాకు గుర్తుంది, ఎండాకాలం సాయంత్రం, గుడారంలో అంటాడు. ఆ సాయంత్రం అనే మాటతో జనం కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఇదిగో ఈ చిరుగు కాసియస్ కత్తిది, ఇది కాస్కాది, ఇది బ్రూటస్‌ది అని ఒక్కొక్కటీ చూపిస్తాడు. ఇక్కడ ఆగి వెనక సీన్‌కి పోయి చూడండి, పొడిచేటప్పుడు ఆంటోనీ అక్కడ లేడు! చంపినోళ్ళతో కలిసిన ట్రెబోనియస్ అతన్ని ముందే బయటికి తీసకపోయాడు. ఏ చిరుగు ఎవరిదో ఇతనికి ఎట్టా తెలుసు? జనంలో ఒక్కడు కూడా అడగడు. ఈ ప్రశ్న మా క్లాసులో ఎప్పుడు అడిగినా వెనక బెంచీ వాళ్ళే ముందు పట్టుకునేవాళ్ళు, అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి మీరు. ఇంకో తమాషా, జనం బ్రూటస్ ఇల్లు తగలబెట్టడానికి పరిగెత్తుతుంటే ఆంటోనీయే వెనక్కి పిలిచి వీలునామా మర్చిపోయారే అంటాడు, మనిషికి 75 డ్రాక్మాలనే వెండి నాణేలు, టైబర్ నది ఒడ్డున తోటలు అందరికీ.

మన నెల్లూరు తిక్కన గారిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి భారతంలో పదిహేను పర్వాలు తెనిగించిన మనిషి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు సంధికి పోతుంటే ద్రౌపది ఏం చేస్తుంది? దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన జుట్టు పట్టుకుని ఎదురుగా చూపిస్తుంది, కౌరవులు సంధి అన్నప్పుడు ఇది గుర్తుపెట్టుకో అన్నట్టు. ఆంటోనీ పైబట్ట చూపించాడు, ద్రౌపది జుట్టు చూపించింది. ఇద్దరికీ తెలుసు, వందమాటలు చెప్పేకంటే కంటికి ఒకటి చూపిస్తే చాలని. తేడా ఏందంటే ద్రౌపది బాధ ఆమెదే, ఆంటోనీ బాధలో ఎంత నిజమో ఎంత ఎత్తో మీరే తేల్చాలి. నాకైతే రెండూ ఉన్నాయనిపిస్తది. స్నేహితుడు పోయినందుకు ఏడుస్తున్నాడు, ఆ ఏడుపునే వాడుకుంటున్నాడు కూడా.

ఆంటోనీ సీన్ అయిన వెంటనే వచ్చే చిన్న సీన్ గైడ్లలో ఒక్క లైన్లో తేల్చేస్తారు. సిన్నా అని ఒక కవి వీధిలో పోతుంటాడు, చంపినోళ్ళలో కూడా సిన్నా అని ఒకడున్నాడు, గుంపు ఇతన్ని పట్టుకుంటది. నేను ఆ సిన్నాని కాదయ్యా, కవిని అని మొత్తుకుంటాడు. అయితే చెత్త కవిత్వం రాసినందుకు చంపండి అంటాడొకడు. పేరు అదే కదా, చాలు అంటారు. ఈ రోజు ఫోన్లలో ఒక మెసేజ్ చూసి ఎవడో ఊరికి కొత్తోడు కనపడితే చెట్టుకు కట్టేసి కొట్టే వార్తలు మీరు చదివారు, ఇంతకంటే నేను చెప్పను.

భాష కష్టం అంటారు. కష్టమే, ఇంగ్లండు పిల్లలకీ కష్టమే, వాళ్ళ పుస్తకాల్లోనూ పక్కన అర్థాలు వేసే ఇస్తారు. తెలుగు మీడియంలో చదివొచ్చాం మాకు రాదు అనే మాట మాత్రం పెట్టుకోబాకండి, ఈ నాటకం 1870ల్లోనే తెలుగు పద్యాల్లోకి వచ్చింది, మనోళ్ళకి ఇది కొత్తేం కాదు. ముందు కథ తెలుగులో చెప్పించుకోండి, అందులో తప్పేం లేదు, కథ తెలిసినాక ఒక్క సీన్ పట్టుకుని నెమ్మదిగా చదవండి. మీ తెలుగు క్లాసులో గురువు లఘువు గుర్తిస్తారే, ఆ చెవి ఇక్కడ పనికొస్తది. షేక్స్‌పియర్ పద్యం లైనుకి సుమారు పది అక్షరాల తూగు, ఒకటి తేలిక, ఒకటి ఒత్తు, అట్టా అయిదు జతలు, చాలాచోట్ల ప్రాస ఉండదు. మన దాంట్లో అక్షరం పొడుగు లెక్క, వాళ్ళ దాంట్లో నొక్కి పలకడం లెక్క. బ్రూటస్ మాట్లాడింది వచనం అన్నానే, ఆంటోనీది పద్యం, మన పద్యనాటకంలో కూడా మామూలు మాటలు మాటల్లో నడిచి గుండె బరువెక్కినప్పుడు పద్యం ఎత్తుకుంటారు, జనం వన్స్‌మోర్ కొట్టేది దానికే.

ఈ నాటకాలు రాసింది చదవడానికి కాదు, ఆడడానికి. గ్లోబ్ థియేటర్ కట్టింది 1599లో, పైకప్పు లేని నడిమి వాకిలి, ఒక పెన్నీ ఇచ్చి నిలబడి చూసేవాళ్ళు, ఆట మధ్యాహ్నం పూట. పట్టపగలు అర్ధరాత్రి సీన్ ఆడాలంటే ఎట్టా? లైట్లు లేవు, మాటలతోనే చీకటి చెయ్యాలి. హామ్లెట్ నాటకంలో మొదటి మాటే, ఎవరక్కడ అని కాపలావాడి కేక, ఎదుటోడు కనపడట్లేదని ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతది. జూలియట్, లేడీ మాక్‌బెత్ లాంటి ఆడవేషాలు మగపిల్లలే కట్టేవాళ్ళు. మన ప్రకాశం పంతులు గారు కూడా ఒంగోలులో చదువుకునే రోజుల్లో నాటకాల్లో వేషాలు కట్టినోరే, వారి గురువు హనుమంతరావు నాయుడు గారికి నాటకాలంటే ప్రాణం. కోర్టులో, సభల్లో ఆయన నిలబడి మాట్లాడిన ఆ గొంతు నాటకాల దగ్గర సాధన అయ్యిందనే నేను నమ్ముతా. షేక్స్‌పియర్ 1616లో పోయాడు, 1623లో తోటి నటులు అచ్చు వేయించకపోతే ఈ సీజరు, మాక్‌బెత్ మనకి మిగిలేవే కావు, అంతకుముందు అవి అచ్చులో లేవు.

పాతది కాబట్టి తలొంచి ఒప్పుకోవాలనీ నేను అనను. షేక్స్‌పియర్ మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో వడ్డీకి అప్పులిచ్చే యూదుడు షైలాక్‌ని చివర్లో బలవంతంగా మతం మార్పిస్తారు, దాన్ని దయ అన్నట్టు చూపిస్తారు. ఇంగ్లండు నుంచి యూదుల్ని 1290లోనే వెళ్ళగొట్టారు, ఆ ఆట చూసిన జనంలో చాలామంది యూదుణ్ణి పక్కింట్లో చూసినోళ్ళు కాదు. అయినా అదే నాటకంలో షైలాక్ నోట, మాకూ కళ్ళు లేవా, చేతులు లేవా అనే మాట పెట్టాడు. రెండూ ఒక్క పుస్తకంలోనే ఉన్నాయి. ఇది తప్పు అనిపిస్తే లేచి నిలబడి క్లాసులో అడగండి, మంచి టీచరైతే సంతోషిస్తారు.

నవల సంగతి. గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ ఒక్కటి చెప్తా. డికెన్స్ దాన్ని వారపత్రికలో సీరియల్‌గా రాశాడు, 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా, మా అమ్మ వాళ్ళు వీక్లీ కోసం బుక్‌స్టాల్ వైపు చూసినట్టే అక్కడ జనం చూసేవాళ్ళు. అందుకే ఏ చాప్టర్ ఆఖరునా మిమ్మల్ని ఊరికే వదలడు. పిప్ అనే పిల్లోడు, అక్క ఇంట్లో పెరుగుతాడు, బావ జో కమ్మరి, పిల్లోణ్ణి కడుపులో పెట్టుకుని చూసినోడు. తర్వాత ఎవరో డబ్బిస్తే పిప్ లండన్ పోయి దొరబాబు అవుతాడు. ఎవరిచ్చారో నేను చెప్పను, గైడ్‌లో కూడా చూడబాకండి.

27వ చాప్టర్‌లో జో అతన్ని చూడటానికి వస్తాడు. పిప్‌కి ఆ రాక ఇష్టం లేదు, డబ్బిచ్చి రాకుండా ఆపగలిగితే ఇచ్చేసేవాణ్ణి అంటాడు. వీడు ఎవరికి భయపడుతున్నాడో చూడండి, తనకి ఏమాత్రం గౌరవం లేని ఒక డ్రమ్మెల్ గాడు జోని చూస్తాడేమో అని. జో టోపీ ఎక్కడ పెట్టాలో తెలీక పొయ్యి గూడు పైన అంచున పెడతాడు, అది పడతది, పట్టుకుంటాడు, మళ్ళీ పెడతాడు, మళ్ళీ పడతది. పెంచిన పిల్లోణ్ణి పట్టుకుని సార్ అంటాడు. చివరికి పోయేటప్పుడు, ఈ బట్టల్లో నేను తప్పుగా ఉన్నా, నా కొలిమి దగ్గరే నేను సరిగ్గా ఉంటా అని, వీడి మీద కోపం లేకుండా చెప్పి వెళ్ళిపోతాడు. మన నెల్లూరులో హాస్టళ్ళ గేట్ల దగ్గర ఆదివారం పూట నిలబడండి, పొదిలి నుంచి, వింజమూరు నుంచి, ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చిన నాన్నలు, భుజాన తువ్వాలు, చేతిలో జంతికల డబ్బా, ఫ్రెండ్స్ చూస్తున్నారని గబగబా మాట్లాడి పంపించేసే పిల్లలు. ఈ కథ చెప్పేది పెద్దోడైన పిప్, ఆ రోజు వీడు అట్టా చేశాడని వీడే రాసుకుంటున్నాడు, వంద నీతి పాఠాలు చెప్పినా నాన్నని చూసి సిగ్గుపడటం ఎట్టా ఉంటదో లోపలినుంచి చూపించలేరు, ఈ చాప్టర్ చూపిస్తది. డికెన్స్‌కి పన్నెండేళ్ళప్పుడు నాన్న అప్పుల జైల్లో ఉంటే తను బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాడు, సిగ్గు అంటే ఆయనకి పుస్తకంలో నేర్చుకున్నది కాదు.

సరే, సెలవలకి వచ్చేటప్పుడు సీజర్ యాక్ట్ త్రీ జెరాక్స్ తీయించుకుని రండి, సీన్ టూ, త్రీ రెండూ. పెద్దోడు బ్రూటస్ చదవాలి, ఆంటోనీ మాత్రం పాప చదవాలి, దాని గొంతుకే సరిపోతది. జనం వేషాలు నలుగురికి, మాటలు తక్కువే కానీ గట్టిగా అరవాలి, పక్కింటి పిల్లల్ని కూడా పిలుస్తా. మిద్దె మీద చదువుకుందాం, సాయంత్రం ఆరు తర్వాత అయితే ఎండ ఉండదు.

మీ తాత