చెరువు పక్కన నడకబాట, సైకిల్ బాట: అపోహలు – వాస్తవాలు

గుంటూరు, విజయవాడ పరిసరాల్లో చెరువు దగ్గర పర్యాటకం అనగానే గట్టును వెడల్పు చేసి, టైల్స్ పరిచి, దీపస్తంభాలు నిలబెట్టడమే అభివృద్ధి అని చాలామంది భావిస్తారు. బాటల రూపకల్పనలో పనిచేస్తున్న నాకు తరచుగా వినిపించే అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: బాట నీటి అంచునే, చెరువు చుట్టూ పూర్తిగా సాగాలి.

వాస్తవం: చెరువులోని జీవరాశికి అన్నిటికన్నా విలువైన చోటు ఆ అంచే. నీరు పెరిగినప్పుడు మునిగి, తగ్గినప్పుడు తేలే ఆ కాస్త నేలలో జమ్ము, తుంగ పెరిగి, పైనుంచి కొట్టుకొచ్చే ఒండ్రును పట్టి ఉంచుతాయి. చేపపిల్లలకు, నీటికోళ్లకు అక్కడే చాటు దొరుకుతుంది. ఆ మొక్కలను పిచ్చిగడ్డిగా పీకివేసి రాతికట్టు కడితే చెరువుకు ఉన్న సహజమైన వడపోత పోతుంది. అందువల్ల బాటను వెనక్కి జరిపి, రెండు మూడు చోట్ల మాత్రమే నీటి దగ్గరకు తీసుకురావాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నీటి మధ్యనున్న తుమ్మచెట్లపై గూళ్లు కట్టుకుంటాయి. అటువంటి చోట చుట్టూ మనుషులు తిరిగితే పక్షులకు బెదురులేని వైపంటూ మిగలదు కనుక, ఒక పక్క తీరాన్ని పూర్తిగా వదిలివేయడమే ఉత్తమం. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు, తమ పరిధిలోని చోట్ల, పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పడవల రేవులు తప్ప మరే శాశ్వత నిర్మాణాన్నీ అనుమతించవు. సాగునీటి కోసం తవ్విన చెరువులు ఆ నియమాల్లోని చిత్తడి నేల నిర్వచనంలోకి రావు. అయినా స్థలం ఉన్నంతవరకు అక్కడ కూడా ఆ దూరం పాటించాలనే నేను కోరతాను, ఎందుకంటే పక్షుల అవసరం రెండు చోట్లా ఒక్కటే.

అపోహ: కాంక్రీటు వేస్తే బాట శాశ్వతంగా ఉంటుంది.

వాస్తవం: మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దానిపై నేరుగా పోసిన పలుచని కాంక్రీటు పగలడం సహజం. బాట మన్నిక పైపొరకన్నా నీటి పారుదలపై ఎక్కువగా ఆధారపడుతుంది. పైనున్న నల్లమట్టిని తొలగించి, గ్రావెల్‌ను పొరలుగా పరిచి, తడిపి, రోలరుతో అణచి, నూటికి మూడు నుంచి ఐదు వంతుల అడ్డవాలు ఇస్తే వాననీరు బాట వెంట పరుగెత్తకుండా పక్కకు దిగిపోతుంది. కొండవీడు కొండమీది చెరువుల వంటి చోట్ల బాట ఎక్కే వాలు పక్కనున్న కొండ వాలులో సగానికి మించకూడదు. మించితే మొదటి పెద్ద వానకే బాట వాగవుతుంది. అయితే ప్రవేశద్వారం నుంచి పక్షులను చూసే తావు వరకు వీల్‌చైరు సాఫీగా వెళ్లేంత గట్టి ఉపరితలం తప్పనిసరి, అక్కడ కాంక్రీటుకు నేను అభ్యంతరం చెప్పను. బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన తీరు చూసిన తరువాతనైనా, ముంపు నేలల్లో బాటను ఎత్తైన కట్టగా పోయడం మానాలి. నేలమట్టానికే వేస్తే వరద దానిమీదుగా సాగిపోతుంది, తరువాత కొట్టుకుపోయిన గ్రావెల్ మాత్రమే నింపుకోవచ్చు.

అపోహ: సైకిళ్లు నడిచేవారికన్నా నేలను ఎక్కువగా పాడుచేస్తాయి.

వాస్తవం: ఉత్తర అమెరికాలో జరిగిన క్షేత్ర ప్రయోగాల్లో ఈ రెండింటి మధ్య పెద్ద తేడా కనిపించలేదు, నేల తడి, వాలు అంతకన్నా ముఖ్యమని తేలింది. అసలు సమస్య వేగం. ఇద్దరూ పంచుకునే బాటకు దాదాపు మూడు మీటర్ల వెడల్పు కావాలి, మలుపుల్లో ఎదురుచూపు స్పష్టంగా ఉండాలి.

అపోహ: అసలు బాటే వేయకపోతే ప్రకృతికి మేలు.

వాస్తవం: జనం రాని చోట అది నిజమే. వచ్చే చోట మాత్రం ఎవరి దారి వారు చేసుకుంటారు. గడ్డి, లేత మొక్కలు తొలినాళ్ల తొక్కిడికే ఎక్కువగా నశిస్తాయి, ఆ తరువాత అదే జాడలో ఎందరు నడిచినా అదనపు నష్టం స్వల్పం. కాబట్టి పది సన్నని జాడలకన్నా ఒక చక్కని బాట మేలు.

దీపాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాత్రంతా వెలిగే తెల్లని దీపాలు పురుగులను ఆకర్షిస్తాయి, పక్షుల విశ్రాంతికి భంగం కలిగిస్తాయి. చీకటి పడేలోగా బాట మూసివేసే ఏర్పాటుంటే వాటి అవసరమే రాదు. ప్రవేశద్వారం దగ్గర మాత్రం మోకాలి ఎత్తులో, వెలుగు నేలమీదికే పడేటట్లు పైకప్పు ఉన్న పసుపు దీపాలు చాలు.