పాత కంప్యూటర్‌లో కొత్త వీడియో ఎందుకు ఆడదు?

హాలియా నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల మేనమామకు అక్కడ డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ ఒక పెంటియం-3 కంప్యూటర్ మీదే తయారవుతాయి. పాత తెలుగు ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని తీసేయలేదు. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఈ అబ్బాయి ఫోన్‌లో వీడియో తీసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆ కంప్యూటర్‌లో పెట్టాడు. నీళ్ల హోరు వినపడుతోంది, బొమ్మ మాత్రం బిగుసుకుపోయింది. ఎప్పుడో ఒకసారి కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. "సార్, ఇందులోనే వీసీడీ సినిమాలు రెండున్నర గంటలు హాయిగా ఆడతాయి. నిమిషం వీడియో ఎందుకు ఆడదు? ర్యామ్ పెంచాలా?" అన్నాడు.

ర్యామ్ పెంచితే తీరే సమస్య కాదు. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉండటానికీ దీనికీ సంబంధం లేదు. లోపలి వీడియోను ఏ పద్ధతిలో కుదించారన్నదే ముఖ్యం. కంటెయినర్ అంటే ఏమిటి, కోడెక్ అంటే ఏమిటి అన్నది ఏ కంప్యూటర్ పుస్తకంలో చూసినా దొరుకుతుంది, ఇక్కడ వదిలేస్తున్నాను. నాకు ఇష్టమైన సంగతి వేరే ఉంది.

ముందు చిన్న లెక్క. వీసీడీ ప్రమాణం 1993లో వచ్చింది. అందులో ఒక్కో ఫ్రేము 352×288 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు. అంటే సెకనుకు సుమారు 25 లక్షల పిక్సెళ్లు. ఆ షాపులోని ప్రాసెసర్ వేగం 600 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 60 కోట్ల క్లాకులు (ప్రాసెసర్ పని సాగే చిన్న చిన్న అంచెలు). భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు 236 క్లాకుల సమయం దొరుకుతుంది. కావలసినంత తీరిక. ఇక ఫోన్ వీడియో 1920×1080, సెకనుకు 30 ఫ్రేములు. అంటే 6 కోట్ల 22 లక్షల పిక్సెళ్లు. ఇప్పుడు ఒక్కో పిక్సెల్‌కు దొరికేది తొమ్మిదిన్నర క్లాకులే. బిట్లు విప్పడం, బొమ్మ కట్టడం, రంగులు మార్చడం, తెర మీదికి పంపడం అన్నీ ఆ తొమ్మిదిన్నరలోనే జరగాలి.

సైజు పెరిగింది కాబట్టి కష్టమైందని ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఒక్కో పిక్సెల్‌కు చేయాల్సిన పని కూడా పెరిగింది. నన్ను ఎన్నాళ్లుగానో ఆకట్టుకున్న భాగం అదే.

సంక్రాంతి నెలలో సూర్యాపేటలో ఉన్న అక్క నల్లగొండలో ఉన్న చెల్లెలికి ఫోన్‌లో ముగ్గు చెబుతోందనుకోండి. మొదటి రోజు మొత్తం చెప్పాలి: పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు, ఏ చుక్క నుంచి ఏ చుక్కకు గీత. రెండో రోజు అంత చెప్పక్కర్లేదు. "నిన్నటి ముగ్గే. ఎడమవైపు పద్మాన్ని రెండు చుక్కలు కుడికి జరుపు, ఒక రేకు పెంచు" అంటే చాలు. మాట తగ్గింది. చెల్లెలి పని మాత్రం తగ్గలేదు. నిన్నటి ముగ్గు గుర్తుంచుకోవాలి, అందులోంచి పద్మాన్ని తీయాలి, జరిపి వేయాలి, రేకు కలపాలి. వీడియో కుదింపులో ప్రాణం లాంటి పద్ధతి ఇదే. దీన్ని మోషన్ కాంపెన్సేషన్ అంటారు. ఫ్రేమును 16×16 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడికీ "ఇది పాత ఫ్రేములో ఫలానా చోట ఉన్నదే" అని ఒక జరుపుడు అంకె రాస్తారు. తేడా ఏమైనా ఉంటే అది విడిగా. వీసీడీని కుదించే ఎంపెగ్-1 పద్ధతిలోనూ ఇదే, ఆ ఫోన్ వీడియోను కుదించిన, 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిలోనూ ఇదే.

తేడా సందు చుక్కల దగ్గర వచ్చింది.

వస్తువులు పిక్సెల్ లెక్కన గంతులేస్తూ కదలవు. ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు రెండున్నర పిక్సెళ్లు జరగొచ్చు. అక్క "రెండున్నర చుక్కలు జరుపు" అంటే చెల్లెలు ఏం చేయాలి? నిన్నటి ముగ్గులో ఆ రెండు చుక్కల నడుమ సందులో ఏముందో తానే ఊహించి వేయాలి. ఎంపెగ్-1 ఈ ఊహను చాలా సులువుగా చేస్తుంది: అటు పిక్సెల్, ఇటు పిక్సెల్ కలిపి సగం చేస్తుంది, అంతే. పెంటియం-3లో 1999లో వచ్చిన ఎస్‌ఎస్‌ఈ ఆదేశాల్లో ఒకటి సరిగ్గా ఈ పనే చేస్తుంది. ఎనిమిది జతల బైట్ల సగటును ఒకే దెబ్బకు తీస్తుంది. వీసీడీ ఆ కంప్యూటర్‌కు నల్లేరు మీద నడక కావడానికి ఇలాంటి సదుపాయాలు కూడా కారణమే.

హెచ్.264 సగటుతో సరిపెట్టుకోదు. ఎడమవైపు మూడు, కుడివైపు మూడు, మొత్తం ఆరు పిక్సెళ్లను తీసుకుంటుంది. వాటిని వరుసగా 1, మైనస్ 5, 20, 20, మైనస్ 5, 1 అనే అంకెలతో గుణించి, కూడి, 32తో భాగిస్తుంది. ఎందుకింత తిప్పలు? సాగర్ వీడియోనే తీసుకుందాం. గేటు పక్కన ముదురు రంగు కాంక్రీటు మీద రెండు పిక్సెళ్ల వెడల్పున తెల్లటి నీటి ధార ఉందనుకోండి. వెలుగు విలువలు 50, 50, 200, 200, 50, 50. నడిమి సందులో ఎంత ఉండాలి? సగటు తీస్తే 200. ఆరు పిక్సెళ్ల లెక్క చేస్తే 50 మైనస్ 250 ప్లస్ 4000 ప్లస్ 4000 మైనస్ 250 ప్లస్ 50, అంటే 7600. 32తో భాగిస్తే 237.5, సర్దితే 238. ధార నడుమ వెలుగు అంచుల కంటే ఎక్కువే ఉంటుంది కదా, ఆ సంగతిని ఈ లెక్క పట్టుకుంది. ఉత్త సగటు దాన్ని చదును చేసేసింది. ఫ్రేము వెంట ఫ్రేము సగటు మీద సగటు తీసుకుంటూ పోతే బొమ్మ మసకబారుతుంది. ఆరు అంకెల లెక్క ఆ పదును నిలబెడుతుంది. ఆ మైనస్ ఐదును మొదటిసారి చేత్తో లెక్కగట్టి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక ఖర్చు చూడండి. ఆ గుణకారాలు, కూడికల మధ్యలో వచ్చే విలువ మైనస్ 2550 నుంచి 10710 దాకా పోవచ్చు. ఒక బైటులో పట్టదు, రెండు బైట్లు కావాలి. దాంతో ప్రాసెసర్ లెక్క చేసేటప్పుడు అంకెలను పెట్టుకునే 64 బిట్ల రిజిస్టర్‌లో ఒకేసారి ఎనిమిదికి బదులు నాలుగే కూర్చుంటాయి. నాలుగు పిక్సెళ్ల నడిమధ్య ఉన్న సందు కావాలంటే ముందు అడ్డంగా ఆరు వరుసల్లో ఈ లెక్క చేసి, వచ్చిన ఆరు ఫలితాల మీద నిలువుగా మళ్లీ చేయాలి. అక్కడితోనూ ఆగదు. హెచ్.264లో పావు పిక్సెల్ జరుపుళ్లు కూడా ఉన్నాయి. సందు చుక్కకూ అసలు చుక్కకూ మధ్య ఇంకో చుక్క! దానికి ఈ ఫలితాల మీద మళ్లీ సగటు.

గళ్లు చిన్నవైన కొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. ఎంపెగ్-1లో గడి 16×16గానే కదులుతుంది. బతుకమ్మ ఆట వీడియో ఊహించుకోండి. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతుంటే వలయంలో ఈ పక్కవాళ్లు ఎడమకు, ఆ పక్కవాళ్లు కుడికి కదులుతారు. ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి. జరుపుడు అంకెకు తిప్పడం తెలియదు, పక్కకు జరపడమే తెలుసు. అందుకని హెచ్.264 గడిని 4×4 దాకా ముక్కలు చేసి, ముక్కముక్కకూ వేరే జరుపుడు ఇవ్వనిస్తుంది. 4×4 ముక్కకు పిక్సెళ్లు 16. కానీ సందు విలువలు కట్టాలంటే చుట్టుపక్కల పిక్సెళ్లూ కావాలి కాబట్టి పాత ఫ్రేము నుంచి 9×9, అంటే 81 తెచ్చుకోవాలి. పదహారు వేయడానికి ఎనభై ఒకటి చదవడం.

ఎక్కడి నుంచి చదవాలి? వీసీడీ ఫ్రేము ఒకటి సుమారు 152 వేల బైట్లు. చాలా పెంటియం-3 ప్రాసెసర్లలోనే ఉండే 256 కేబీ క్యాష్ అనే వేగమైన చిన్న మెమరీలో నిన్నటి ముగ్గు మొత్తం పట్టేస్తుంది. 1080 ఫ్రేము 31 లక్షల బైట్లు. అలాంటి పాత ఫ్రేములు నాలుగు దాకా గుర్తుంచుకోమని అడిగే వీలుంది. క్యాష్‌లో పట్టవు, ప్రతిసారీ ర్యామ్ దాకా పోయి రావాలి. ర్యామ్ ఎంత పెద్దదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అది ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. ఆ అబ్బాయి ప్రశ్నకు ఇదీ నా జవాబు.

ఇంకో పని డీబ్లాకింగ్. గళ్లు పక్కపక్కన పేర్చినప్పుడు అంచుల్లో గీతలు కనపడతాయి. వాటిని చెరిపే ఫిల్టర్ ఇది. హెచ్.264 విప్పడంలో ఖర్చయ్యే శ్రమలో మూడో వంతు దాకా దీనికే పోగలదు. వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగుల్లో దీన్ని దాటవేసే సదుపాయం ఉంది. పెంటియం-4 లాంటి వాటిలో దాంతో కొంత ఊపిరి ఆడుతుంది. కానీ గీతలు చెరిపిన ముగ్గునే చెల్లెలు రేపటికి ఆధారంగా తీసుకుంటుందని అక్క అనుకుంటోంది, చెల్లెలేమో చెరపని ముగ్గు మీద వేస్తోంది. ఆ తేడా రోజురోజుకూ పేరుకుంటుంది. మళ్లీ పూర్తి ముగ్గు చెప్పే ఫ్రేము వచ్చేదాకా బొమ్మ కొద్దికొద్దిగా చెడుతూనే ఉంటుంది.

ఇదంతా తెలియకపోవడం వల్ల మన దగ్గర ఒక నమ్మకం పాతుకుపోయింది. వీడియో ఆగిందంటే వైరస్ అంటారు, వైరస్ అంటే ఫార్మాట్ కొట్టించాలంటారు. దసరాకు కంప్యూటర్‌కు బొట్టు పెట్టి నిమ్మకాయ కడితే ఎవరికీ నష్టం లేదు. ఫార్మాట్ కొట్టిస్తే మాత్రం ఏళ్ల తరబడి దాచుకున్న ఫాంట్లు, ఫొటోలు, లెక్కలు పోతాయి. వీడియో ఎప్పట్లాగే ఆగుతుంది. పిల్లలకు ఎంపెగ్ పూర్తి పేరు బట్టీ పట్టిస్తున్నాం, పరీక్షలో రాయిస్తున్నాం. దానికి బదులు గ్రాఫ్ కాగితం మీద ఆరు గళ్లిచ్చి నడిమి విలువ కట్టమంటే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

మరి చేతిలో పట్టే ఫోన్‌లో ఎలా ఆడుతోంది? ఫోన్ ఈ పనిని మామూలు ప్రాసెసర్‌కు అప్పజెప్పదు. హెచ్.264 విప్పడానికే, దాని తర్వాతి తరంగా 2013లో వచ్చిన హెచ్ఈవీసీ విప్పడానికే చిప్‌లో విడిగా సర్క్యూట్లు ఉంటాయి. సందు చుక్క లెక్క అక్కడ ప్రోగ్రాం కాదు, నేరుగా ట్రాన్సిస్టర్ల అల్లిక. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1990ల్లో ఎంపెగ్-1 సైతం అప్పటి ప్రాసెసర్లకు బరువే. దాన్ని విప్పడానికి సిగ్మా డిజైన్స్ లాంటి కంపెనీలు ప్రత్యేక కార్డులు అమ్మాయి.

షాపు కంప్యూటర్‌కు చేయాల్సింది సులువు. కొత్త కంప్యూటర్ మీద ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ వీడియోను వీసీడీ పద్ధతిలోకి మార్చుకోవచ్చు. దానికి అందులో పాల్-వీసీడీ అనే సిద్ధమైన లక్ష్యమే ఉంది. బొమ్మ ఇంకొంచెం పెద్దగా కావాలంటే ఎక్స్‌విడ్ అనే ఇంకో కోడెక్‌లో 640 పిక్సెళ్ల వెడల్పున పెట్టి చూడొచ్చు. సాగర్ వీడియోకు బిట్లు కాస్త ఎక్కువే ఇవ్వాలి. గేట్ల మధ్య స్తంభాలు కదలవు, వాటికి "నిన్నటిదే" అన్న ఒక్క మాట చాలు. ఇరవై ఆరు గేట్ల నుంచి దూకే నీళ్లకు నిన్నటి పోలిక దొరకదు, ప్రతి ఫ్రేములోనూ కొత్తగా చెప్పాల్సిందే. ఫైలును పెన్‌డ్రైవ్ మీది నుంచి నేరుగా ఆడించే కంటే ముందు హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవడం మేలు. ఫోన్‌లోని అసలు ఫైలును చెరపకూడదు, కుదించిన కాపీలోంచి పోయిన వివరం మళ్లీ రాదు.

కష్టమైన పనిని ముందే వేరే చోట చేసిపెట్టడం అనే ఈ ఉపాయాన్ని ఎంత దూరం తీసుకెళ్లవచ్చో 2014లో జిమ్ లెనర్డ్ అనే ప్రోగ్రామర్ చూపించాడు. 1981 నాటి ఐబీఎం పీసీ, 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్. ఆ తెర మెమరీ 16 వేల బైట్లు. ఉన్నదున్నట్టు కాపీ చేయడానికే రెండు బైట్లకు 25 క్లాకులు, ఫ్రేముకు రెండు లక్షలు పోతాయి. ఇంకే పనీ చేయకపోయినా సెకనుకు 24 ఫ్రేములు కూడా రావు. జరుపుళ్లు లెక్కగట్టే మాట అటుంచండి, "ఈ చోట ఈ విలువ పెట్టు" అన్న జాబితాను చదివి అర్థం చేసుకునే తీరిక కూడా దానికి లేదు. అందుకని ఆయన '8088 డామినేషన్' అనే తన ప్రోగ్రాంలో జాబితానే తీసేశాడు. మార్పులన్నిటినీ కొత్త కంప్యూటర్ ముందే 8088 మెషీన్ కోడ్‌గా మార్చి డిస్కులో పెడుతుంది. పాత పీసీ దాన్ని విప్పదు, నేరుగా నడుపుతుంది. ఏ ఆదేశానికి ఎన్ని క్లాకులో ముందే తెలుసు కాబట్టి ఒక ఫ్రేము వ్యవధిలో ఎన్ని మార్పులు పడతాయో కూడా ముందే లెక్క కట్టేస్తారు. పట్టనివి తర్వాతి ఫ్రేముకు వెళతాయి.